పెట్టె ఉంచాలా, పారేయాలా?

చాట్స్‌వర్త్ నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. "అక్కా, మాది రెండు పడకగదుల ఇల్లు. వచ్చే నెల మా అత్తగారు మా దగ్గర ఉండడానికి వస్తున్నారు. ఆవిడకి ఇద్దామనుకున్న చిన్న గదిలో మంచం వేయడానికి చోటు లేదు. గది నిండా ఖాళీ పెట్టెలే. టీవీ పెట్టె, వాషింగ్ మెషీన్ పెట్టె, ఇన్వర్టర్ పెట్టె, రెండు లాప్‌టాప్ పెట్టెలు, ప్రింటర్ పెట్టె, ఇంకా ఏవేవో. పారేద్దామంటే మా ఆయన ఒప్పుకోరు. రేపు ఏదైనా పాడైతే షాపువాళ్ళు పెట్టె అడుగుతారు అంటారు. మీరేమంటారు?"

మీ ఇంట్లో కూడా ఇలాంటి మూల ఒకటి ఉండే ఉంటుంది. మన ఇళ్ళు ఏపాటివి? గ్రూప్ ఏరియాస్ చట్టం పెట్టి, మనవాళ్ళను ఉన్న చోటు నుంచి లేపేసి, 1960లలో చాట్స్‌వర్త్‌లో ఇళ్ళు కట్టి ఇచ్చారు. ఒకే గోడకు అటు ఒక కుటుంబం, ఇటు ఒక కుటుంబం. ఆ ఇళ్ళు కట్టినవాళ్ళకు 55 అంగుళాల టీవీ సంగతి కలలో కూడా తెలియదు. తర్వాత కొందరు వెనకాల ఇంకో గది వేసుకున్నారు. ఫ్లాట్లలో ఉండేవాళ్ళకు ఆ వీలు కూడా లేదు.

కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. అత్తగారికి మంచం వేయండి. ఆ గదిలోని పెట్టెల్లో చాలా భాగం బయటికి పోవాలి. ఏవి పోవాలో, ఏవి కొంతకాలం ఉండాలో తెలుసుకుని ఆ పని చేస్తే మీ ఆయనకు కూడా దిగులు ఉండదు.

ముందు ఒక మాట నేర్చుకుందాం. అట్ట అంటే దళసరి కాగితం. అట్టతో చేసిన పెట్టె అట్టపెట్టె. దాని లోపల వస్తువు కదలకుండా పట్టుకునే తెల్లటి, తేలికైన ముక్కలు ఉంటాయి చూడండి, వాటిని మనం పాలిస్టైరీన్ అంటాం. ఇండియాలో తెలుగువాళ్ళు థర్మాకోల్ అంటారు. మీరు విజయవాడలో చుట్టాలతో మాట్లాడేటప్పుడు పాలిస్టైరీన్ అంటే వాళ్ళకు అర్థం కాకపోవచ్చు. థర్మాకోల్ అంటే వెంటనే అర్థమవుతుంది.

ఈ అట్టపెట్టెను ఒక్క ప్రయాణం కోసం చేస్తారు. ఫ్యాక్టరీ నుంచి ఓడలోకి, ఓడ నుంచి గోడౌన్‌కు, అక్కడి నుంచి షాపుకు, షాపు నుంచి మీ ఇంటికి. మీ ఇంటికి వచ్చేసరికి దాని పని అయిపోయింది. మళ్ళీ ఆ వస్తువు ప్రయాణం చేస్తేనే పెట్టెతో పని. అయితే టీవీ మళ్ళీ ఎప్పుడు ప్రయాణం చేస్తుంది? షాపుకు తిరిగి ఇచ్చేటప్పుడు, రిపేరుకు పంపేటప్పుడు, ఇల్లు మారేటప్పుడు, ఎవరికైనా అమ్మేటప్పుడు. ఇంతే. ఈ నాలుగింటిలో మీ ఇంట్లో ఏది జరిగే అవకాశం ఉంది అని ఒక్కొక్క పెట్టెను చూసి అడగండి.

షాపువాళ్ళు పెట్టె అడుగుతారన్న భయం అందరికీ ఉంది కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువగా మాట్లాడతాను. ఇక్కడ రెండు వేరు వేరు సంగతులు ఉన్నాయి. మనం వాటిని కలిపేస్తాం. ఒకటి, వస్తువు పాడైంది. రెండు, వస్తువు బాగానే ఉంది, మన మనసు మారింది.

వస్తువు పాడైతే మనకు చట్టం తోడు ఉంది. దాని పేరు వినియోగదారుల రక్షణ చట్టం. వినియోగదారుడు అంటే వస్తువు కొని వాడుకునేవాడు. ఈ చట్టం 2008లో చేశారు, 2011లో అమల్లోకి వచ్చింది. అందులో 56వ సెక్షన్ ఏమంటుందంటే, కొన్న వస్తువు నాణ్యత లేనిదని తేలితే, అది మీ చేతికి వచ్చిన ఆరు నెలల లోపల మీరు తిరిగి ఇవ్వవచ్చు. తిరిగి ఇచ్చే ఖర్చు అమ్మినవాళ్ళదే. దారిలో ఏమైనా అయితే ఆ నష్టం కూడా వాళ్ళదే. మీ మీద ఏ జరిమానా వేయకూడదు. బాగుచేసి ఇమ్మంటారా, వేరేది ఇమ్మంటారా, డబ్బు వెనక్కి ఇమ్మంటారా, అది మీ ఇష్టం. బాగుచేసి ఇచ్చాక మూడు నెలల లోపల మళ్ళీ అదే లోపం వస్తే వాళ్ళు వేరేది ఇవ్వాలి, లేకపోతే డబ్బు ఇవ్వాలి. పెట్టె తెస్తేనే తీసుకుంటాం అన్న షరతు ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. కౌంటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి "ప్యాకింగ్ లేకపోతే కుదరదు ఆంటీ" అంటే, గొంతు పెంచకుండా 56వ సెక్షన్ అని చెప్పండి. తర్వాత మేనేజరును పిలవమనండి. టీవీ మీ చేతిలోంచి జారి పగిలితే మాత్రం ఈ సెక్షన్ మీకు పనికిరాదు. అది వస్తువు లోపం కాదు కదా.

ఇప్పుడు రెండో సంగతి. టీవీ బాగానే ఉంది, కానీ గోడకు మరీ పెద్దదైపోయింది. లేదా అబ్బాయి ఇంకో రంగు లాప్‌టాప్ కావాలన్నాడు. మీరు షాపుకు వెళ్ళి, చూసి, కొన్న వస్తువును ఇలాంటి కారణంతో తిరిగి తీసుకోవాలని చట్టం షాపును బలవంతం చేయదు. తీసుకుంటే అది షాపు పెట్టుకున్న నియమం. ఆ నియమంలో పెట్టె ఉండాలి, లోపలి సంచులు, వైర్లు, పుస్తకం అన్నీ ఉండాలి అని రాసుకోవచ్చు. చాలామంది రాసుకుంటారు కూడా. ఆన్‌లైన్‌లో కొన్నదైతే కొంచెం నయం. 2002లో వచ్చిన ఎలక్ట్రానిక్ లావాదేవీల చట్టం ప్రకారం వస్తువు అందిన ఏడు రోజుల లోపల, కారణం చెప్పకుండా వద్దనవచ్చు. కానీ తిరిగి పంపే ఖర్చు మనదే. పెట్టె లేకుండా టీవీని ఎలా పంపుతారు?

అందుకే మొదటి నెల ఏ పెట్టెనూ ముట్టుకోకండి. ఖరీదైన వస్తువు ఏది కొన్నా సరే, ముప్పై రోజులు పెట్టె, థర్మాకోల్, సంచులు, చిన్న చిన్న తీగలు కూడా అలాగే ఉంచండి. ఇరుకైనా సరే, ఒక నెల ఓర్చుకోండి. పెట్టె తెరిచేటప్పుడు కూడా తొందరపడి చింపకండి. టేపును మాత్రమే కోయండి. ఆ నెలలో వస్తువును బాగా వాడండి. అన్ని బటన్లూ నొక్కండి, అన్ని తీగలూ పెట్టి చూడండి. కొత్త వస్తువును దాచుకుని దాచుకుని, పండక్కి తెరిచేవాళ్ళు మనలో ఉన్నారు. ఉగాదికి కొని దీపావళికి తెరిస్తే ఆరు నెలలు దాటిపోతాయి. చట్టం పండగ కోసం ఆగదు.

నెల దాటిన తర్వాత పెట్టె కన్నా ముఖ్యమైనవి రెండు ఉన్నాయి. ఒకటి స్లిప్పు. మంచి తెలుగులో రసీదు. రెండోది సీరియల్ నంబరు.

షాపులో ఇచ్చే స్లిప్పు మీద సిరా ఉండదు. వేడి తగిలితే నల్లబడే కాగితం అది. కారు అద్దం దగ్గర ఎండలో పెడితే మొత్తం నల్లబడిపోతుంది. డ్రాయర్‌లో పెడితే మెల్లగా అక్షరాలు వెలిసిపోతాయి. ప్లాస్టిక్ సంచిలో భద్రంగా పెడితే ఇంకా తొందరగా వెలిసిపోవచ్చు. రెండేళ్ళ వారంటీ ఉన్న వస్తువుకు ఏడాదిలో చెరిగిపోయే రసీదు! కాబట్టి ఇంటికి రాగానే దాన్ని ఫోటో తీయండి. వస్తువు వెనకాల అంటించిన కాగితం మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు ఉంటాయి. దాన్ని కూడా ఫోటో తీయండి. టీవీని గోడకు బిగించక ముందే ఈ పని చేయండి. బిగించిన తర్వాత గోడకూ టీవీకీ మధ్య తల దూరదు. పెట్టె మీద కూడా అదే నంబరు ఉంటుంది, దాన్ని కూడా ఒక ఫోటో తీయండి. ఆ ఫోటోలు మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. ఫోన్‌లోనే ఉంచితే, ఫోన్ పోయిన రోజు ఫోన్ రసీదు కూడా దానితోపాటే పోతుంది.

ఇన్సూరెన్స్‌వాళ్ళు అడిగేది కూడా ఇదే. ఇంట్లో దొంగలు పడితే, "మీ దగ్గర ఆ టీవీ ఉండేదని ఎలా నమ్మాలి?" అంటారు. ఖాళీ పెట్టె చూపిస్తే కొంత సాక్ష్యమే. కానీ దాని కోసం గదిలో పెట్టె నిలబెట్టనక్కరలేదు. రసీదు, సీరియల్ నంబరు, ఇంట్లో టీవీ ఉన్నట్టు ఒక ఫోటో, ఇవి ఉంటే చాలు. 2021 జూలై అల్లర్లు మీకు గుర్తుండే ఉంటాయి. తర్వాత పోలీసులు దోచుకున్న సామాను కోసం ఇళ్ళు వెతికినప్పుడు, కొన్నట్టు స్లిప్పు చూపించలేని సామాను తీసుకెళ్ళారు. ఆ తర్వాతి ఏడాది, 2022 ఏప్రిల్‌లో వరదలు వచ్చాయి. మన రాష్ట్రంలో 400 మందికి పైగా చనిపోయారు. నీళ్ళు వచ్చిన ఇంట్లో అట్టపెట్టె ఎంతసేపు నిలుస్తుంది? ఈమెయిల్‌లో ఉన్న ఫోటో మాత్రం తడవదు.

నంబరు విలువ మన కుటుంబాలకు తెలియనిది కాదు. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పందం కూలీలుగా నాటాల్‌కు వచ్చారు. ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చారు. ఓడ పట్టీలో ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. పట్టీ అంటే వరసగా రాసిన జాబితా. వాళ్ళు తెచ్చుకున్న మూటలు, రేకు పెట్టెలు ఇవాళ మన ఇళ్ళల్లో ఎన్ని ఉన్నాయి? చాలా తక్కువ. కానీ ఆ నంబరు దొరికినవాళ్ళు ముత్తాతది విశాఖపట్నం వైపో, ఉత్తర ఆర్కాడు వైపో వెతుక్కోగలుగుతున్నారు. ఓసీఐ కార్డుకు దరఖాస్తు పెట్టుకునేటప్పుడు కూడా ఆ పట్టీ కాగితం చూపిస్తున్నారు. టీవీ నంబరుకూ తాత నంబరుకూ పోలికా అని నన్ను తిట్టకండి. రాసిపెట్టిన కాగితం మనకు ఎంత పని చేసిందో చెబుతున్నాను, అంతే.

ఇక చెల్లెలి గదిలోకి వెళ్దాం. ఆ పెట్టెలన్నీ ఒకే రకం కావు.

వాషింగ్ మెషీన్ పెట్టె ముందు పారేయండి. గదిలో అన్నిటికన్నా ఎక్కువ చోటు తినేది అదే, అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది కూడా అదే. మెషీన్ పాడైతే మెకానిక్కే ఇంటికి వస్తాడు. ఇల్లు మారితే మెషీన్‌ను దుప్పటి చుట్టి ట్రక్కులో ఎక్కిస్తారు. కానీ ఒక చిన్న వస్తువును మాత్రం ప్రాణంలా దాచండి. తలుపు ముందువైపు ఉండే మెషీన్లకు వెనకాల మూడో నాలుగో పొడవైన బోల్టులు ఉంటాయి. వాటిని ట్రాన్సిట్ బోల్టులు అంటారు. లోపల ఉన్న డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతుంది. ప్రయాణంలో అది ఊగి విరిగిపోకుండా ఆ బోల్టులు బిగించి పంపిస్తారు. ఇంట్లో పెట్టినప్పుడు విప్పేస్తారు. విప్పిన బోల్టులను ఒక చిన్న సంచిలో వేసి మెషీన్ వెనకాలే టేపుతో అంటించండి. నిలువెత్తు పెట్టెను ఏళ్ళ తరబడి దాచి, ఈ బోల్టులను మాత్రం చెత్తలో పారేసే ఇళ్ళు ఎన్నో. ఇల్లు మారిన రోజున డ్రమ్ము ధడధడ కొట్టుకుంటుంది, అప్పుడు పెట్టె ఏం చేస్తుంది?

ఫ్రిజ్ పెట్టె, మైక్రోవేవ్ పెట్టె కూడా అంతే. నెల దాటితే పంపించేయండి. ఫ్రిజ్‌ను ప్రయాణంలో నిలువుగా ఉంచితే చాలు.

టీవీ పెట్టె దగ్గర మాత్రం నేను మీ ఆయన పక్షమే, కొంతవరకు. ఈ కాలం టీవీలు పలచటి అద్దపు పలకలు. వాటిని పడుకోబెట్టి తీసుకెళ్తే, మధ్యలో వేలు గట్టిగా నొక్కినా, పగులుతాయి. పగిలిన తెరను వారంటీలో బాగుచేయరు. కొత్త తెర ఖరీదు చాలాసార్లు కొత్త టీవీ ఖరీదుకు దగ్గరగా ఉంటుంది. ఆ పెట్టెలో థర్మాకోల్ ముక్కలు టీవీ మూలలను పట్టుకుని, తెరకు ఏదీ తగలకుండా చేస్తాయి. అలాంటి పట్టు దుప్పటితో రాదు. కాబట్టి మీరు అద్దె ఇంట్లో ఉండి, రెండు మూడేళ్ళలో మారతామనుకుంటే టీవీ పెట్టె ఉంచండి. సొంత ఇల్లు, ఎక్కడికీ వెళ్ళం అంటే ఆరు నెలలు ఉంచి పారేయండి. ఎప్పుడైనా మారాల్సి వస్తే సామాన్లు మోసే కంపెనీల దగ్గర టీవీ కోసం చేసిన పెట్టెలు దొరుకుతాయి. చెల్లెలు ఉత్తరంలో సొంత ఇల్లు అని రాసింది, టీవీ కొని మూడేళ్ళు అయిందట. ఇక చెప్పేదేముంది?

ఇన్వర్టర్ సంగతి వేరు. 2022, 2023లలో కరెంటు కోతలు భరించలేక మనలో చాలామంది ఇన్వర్టర్, బ్యాటరీ కొన్నాం. లోపల ఉన్నది లిథియం బ్యాటరీ అయితే దాని పెట్టెను వారంటీ ఉన్నంతకాలం ఉంచడమే మంచిదని నా ఉద్దేశం. లిథియం బ్యాటరీలను ప్రమాదకరమైన సరుకుగా లెక్కపెడతారు. సరైన ప్యాకింగ్, దాని మీద సరైన గుర్తు లేకపోతే కొరియర్‌వాళ్ళు ముట్టుకోమంటారు. బరువు కూడా ఎక్కువ. పెట్టె మరీ పెద్దది కాదు. మంచం కింద పడుతుంది.

లాప్‌టాప్ పెట్టెలు పలచగా ఉంటాయి. ఏడాది ఉంచండి. బీరువా పైన నిలబెట్టండి. వారంటీ అయిపోయిన లాప్‌టాప్ పెట్టెను మాత్రం ఎందుకు ఉంచుతున్నారో నాకు అర్థం కాదు. అందులో పిల్లల స్కూలు రిపోర్టులు దాచుకుంటామంటే సరే. ప్రింటర్ పెట్టె వద్దు. ఇంకు నింపిన ప్రింటర్‌ను ఎవరూ ఎక్కడికీ పంపరు, పంపితే పెట్టె నిండా ఇంకే.

ఫోన్ పెట్టె అరచేతిలో పడుతుంది, ఉంచండి. దాని మీద ఐఎంఈఐ అనే పదిహేను అంకెల నంబరు ఉంటుంది. ఫోన్ పోతే నెట్‌వర్క్‌వాళ్ళకు ఆ నంబరు చెప్పి ఫోన్ పనిచేయకుండా చేయించవచ్చు. పోలీసులకూ, ఇన్సూరెన్స్‌కూ అదే కావాలి. పెట్టె లేకపోతే కంగారు వద్దు. ఇప్పుడే మీ ఫోన్‌లో *#06# నొక్కండి, నంబరు వస్తుంది. ఈ పత్రిక చివరి పేజీలో అయినా సరే, రాసుకోండి.

అమ్మే ఆలోచన ఉంటే పెట్టె వల్ల నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి, నిజమే. కెమెరా, లెన్సు, ఆటల మెషీన్, మంచి హెడ్‌ఫోన్, ఖరీదైన ఫోన్, వీటికి పెట్టె ఉంటే కొనేవాడికి నమ్మకం కలుగుతుంది. దొంగ సరుకు కాదని అనుకుంటాడు. పాత ఫ్రిజ్ కొనేవాడు మాత్రం పెట్టె అడగడు. మీరు వస్తువును అది చచ్చిపోయేదాకా వాడే రకం అయితే ఈ లెక్క మీకు అక్కరలేదు. మా ఇంట్లో అయితే అమ్మడం అనే మాటే లేదు. పాతబడితే చెల్లెలి ఇంటికి, అక్కడా పాతబడితే మేనల్లుడికి.

ఉంచాలనుకున్న పెట్టెలను ఎక్కడ పెడతారు? ఆంధ్రలో పాత ఇళ్ళల్లో అటక ఉంటుంది. అటక అంటే గదిలో పైకప్పుకు కొంచెం కింద, సామాను పెట్టుకోవడానికి కట్టిన చోటు. ఇత్తడి బిందెలు, పచ్చడి జాడీలు అక్కడ ఉంటాయి. ఎప్పుడూ వాడని వస్తువును అటకెక్కించారు అంటారు. మొదలుపెట్టి ఆపేసిన పనిని కూడా అటకెక్కింది అంటారు. మన ఇళ్ళల్లో అటక లేదు కాబట్టి, మనవాళ్ళు సీలింగ్ పైన పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. సీలింగ్ పైన కరెంటు తీగలు ఉంటాయి, చాలా ఇళ్ళల్లో గీజర్ కూడా అక్కడే ఉంటుంది. దీపాల వెనకభాగం అక్కడ వేడెక్కుతుంది. అట్ట, థర్మాకోల్, రెండూ ఇట్టే అంటుకుంటాయి. గీజర్ పగిలితే ఇంకో గొడవ, నీళ్ళు తాగిన అట్ట బరువెక్కి సీలింగ్ బోర్డు మీద కూర్చుంటుంది. ఆ బోర్డు బరువు మోయడానికి చేసినది కాదు. పెట్టె పెట్టడానికి పైకెక్కి, కర్ర మీద కాక బోర్డు మీద కాలు వేసి, కాలు కింది గదిలో తేలినవాళ్ళ కథలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి.

గరాజ్‌లో నేల మీద కూడా వద్దు. డర్బన్ గాలిలో తడి ఎక్కువ. అట్ట ఆ తడిని పీల్చుకుని మెత్తబడుతుంది, బూజు పడుతుంది. ఫిష్ మాత్ అని మనం పిలిచే వెండి రంగు పురుగుకు అట్టలోని జిగురు చాలా ఇష్టం. అది పెట్టెతో ఆగదు, పక్కనే ఉన్న పట్టుచీరల మీదికీ, పెళ్ళి ఆల్బమ్ మీదికీ వెళ్తుంది. అట్ట మడతల్లో బొద్దింకలు గుడ్లు పెడతాయి. పెట్టెలో ఉన్న చిన్న తెల్ల పొట్లం తడిని పీల్చుకుంటుంది కదా అంటారా? కొన్నాళ్ళకు దాని కడుపు నిండిపోతుంది. ఆ తర్వాత అది ఉన్నా లేనట్టే.

ఉంచే పెట్టెను మడిచి ఉంచండి. అడుగున ఉన్న టేపు కోస్తే ఎంత పెద్ద పెట్టె అయినా పలకలా పడుకుంటుంది. బీరువా వెనకాల, మంచం పరుపు కింద, తలుపు వెనకాల పడుతుంది. థర్మాకోల్ ముక్కలను ఒక సంచిలో కట్టి, ఏ వస్తువుదో పెన్నుతో రాసి ఉంచండి. థర్మాకోల్ పారేసి పెట్టె ఒక్కటే ఉంచేవాళ్ళు ఉన్నారు. అది పూర్తిగా దండగ. వస్తువును కాపాడేది లోపలి ముక్కలే. వాటికి చోటు లేకపోతే పెట్టె కూడా వద్దు. మడిచిన పెట్టె మీద వారంటీ అయిపోయే తేదీ రాయండి. ఆ తేదీ వచ్చిన రోజు ఇంట్లో చర్చ పెట్టకుండా తీసేయవచ్చు.

ఆ చర్చ గురించి కూడా ఒక మాట. మన పెద్దవాళ్ళు పెట్టెలు పారేయరు. బిస్కెట్ డబ్బాలో సూదీ దారం, ఐస్‌క్రీమ్ డబ్బాలో కూర, చీర పెట్టెలో కాగితాలు. ఏదీ దొరకని రోజుల్లో బతికినవాళ్ళకు గట్టి పెట్టె అంటే ఆస్తే. మీ ఆయన టీవీ పెట్టెను చూసుకుంటున్నారంటే, అది కొనడానికి ఎన్ని నెలలు ఓవర్‌టైమ్ చేశారో గుర్తు చేసుకుంటున్నారేమో. ఆ మాట ఆయన నోటితో చెప్పరు, వారంటీ అంటారు. కాబట్టి ఆయన పనికి వెళ్ళినప్పుడు పారేయకండి. ఇద్దరూ కూర్చుని, ఒక్కొక్క పెట్టె తీసి, రసీదు చూసి, ఫోటో తీసి, అప్పుడు పక్కన పెట్టండి. రెండు గంటల పని. ఫోటో తీసే పని ఆయనకే ఇవ్వండి.

పారేసే ముందు ఎవరికైనా కావాలేమో అడగండి. అదే సైజు టీవీతో ఇల్లు మారుతున్న పొరుగువాళ్ళు ఉంటే సంతోషంగా తీసుకుంటారు. తెలుగు బడిలో పిల్లలకు అట్టలు ఎప్పుడూ కావాలి. వాషింగ్ మెషీన్ పెట్టె ఒక వైపు కోస్తే అఆలన్నీ ఒకే అట్ట మీద, దూరం నుంచి కనిపించేంత పెద్దగా రాయవచ్చు.

మిగిలినవి చెత్త తీసుకెళ్ళే రోజు కోసం. ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. కొత్త టీవీ పెట్టెను, బొమ్మ కనిపించేలా గేటు బయట నిలబెట్టడం దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే. ఈ ఇంట్లో కొత్త టీవీ వచ్చింది అని వీధి మొత్తానికి చెప్పినట్టు. పెట్టెను ముక్కలుగా కోసి, బొమ్మలు లోపలికి వచ్చేలా మడిచి, తాడుతో కట్టండి. మీ వీధిలో ఆరెంజ్ సంచులు తీసుకెళ్తుంటే అట్ట ముక్కలు అందులో వేయండి. తడిసిన అట్ట, కూర అంటిన అట్ట అందులో వద్దు. థర్మాకోల్ తీసుకునే చోట్లు వేరే ఉంటాయి, దగ్గరలో ఏదైనా ఉందేమో కనుక్కోండి. దాన్ని ఇంటి వెనకాల కాల్చకండి, ఆ నల్లటి పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముందురోజు రాత్రి కాకుండా, తెల్లవారాక లారీ వచ్చే వేళకు సంచి బయట పెట్టండి. పెట్టె మీద మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఉన్న కొరియర్ కాగితం అంటించి ఉంటుంది. దాన్ని ముందే చింపి, చిన్న చిన్న ముక్కలు చేసేయండి.